ఇద్దరికే చోటున్న మేడ

పటమటలో మేం పెరిగిన మేడను పడగొడుతున్నారు. పోయిన వారం ఆటోలో అటుగా వెళ్తూ చూశాను. ఐదంతస్తుల్లో మూడు అప్పటికే లేవు. మిగిలిన రెండింటికీ ముందు గోడలు పీకేశారు. ఎవరు పడగ్గదికి ఏ రంగు వేసుకున్నారో బందరు రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనిపిస్తోంది. ముందువైపు రేకులు కట్టి, వాటి మీద అక్కడ లేవబోయే కొత్త మేడ బొమ్మ పెట్టారు. ఎన్ని అంతస్తులో లెక్కపెట్టబోయి, మెడ పట్టేసి మానుకున్నాను. మేడ కింద పచ్చగడ్డి. గడ్డి మీద ఒక మొగుడూ పెళ్ళాం. వాళ్ళ చుట్టూ పరిగెత్తే ముగ్గురు పిల్లలు. కింద రాసింది కూడబలుక్కుని చదివాను. పిల్లల నవ్వులతో నిండిపోయే ఇల్లట.

ఆటో ఆపమన్నాను.

"ఇక్కడేంటండీ, ఎనక బస్సొస్తంది" అన్నాడు డ్రైవరు.

"ఆపు బాబూ, ఉమ్మెయ్యాలి."

నిజంగానే దిగి ఉమ్మేసి వచ్చాను.

ఈమధ్య టీవీ పెడితే ఒకటే గోల. జనం తగ్గిపోతున్నారట. జపానులో ఊళ్ళకి ఊళ్ళు తాళాలు పడి ఉన్నాయట. మన పక్కన కూడా పిల్లల్లేక బళ్ళు మూసేస్తున్నారట. పెద్దపెద్దవాళ్ళు మైకు పట్టుకుని, ఇద్దరితో ఆపొద్దు, ముగ్గుర్ని కనండి అంటున్నారు. మా మనవరాలు "నిజమేనా అమ్మమ్మా?" అని అడిగింది. ప్రపంచం లెక్కలు నాకేం తెలుసు? నాకు తెలిసింది ఒక్క మేడ. అందులో మా చెల్లెలికి చోటు లేదన్నారు. ఆ సంగతి చెప్తాను.

మాది దివిసీమ. పొలం పనులు దొరక్క నాన్న మమ్మల్ని తీసుకుని బెజవాడ వచ్చి, ఆ మేడ కట్టేటప్పుడు కూలికి చేరాడు. అమ్మ కాంక్రీటు గమేళాలు మోసేది. నాకు పన్నెండో పదమూడో ఉంటాయి. నా తర్వాత అమ్మకి వరసగా కాన్పులు పోయి, చాలా ఏళ్ళకి ఏడాది తేడాతో ఇద్దరు పుట్టారు. నడిపిదానికి నాలుగేళ్ళు, చిన్నదానికి మూడు. నడిపిది పీల పిల్ల, చిన్నది ఒళ్ళు చేసిన పిల్ల. పక్కపక్కన నిలబెడితే ఒకటే ఎత్తు, ఒకటే మొహం.

వాళ్ళిద్దర్నీ ఎత్తుకుని తిరగడం నా పని. బడి అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

కట్టేటప్పుడు మాత్రం ఆ మేడంతా మాదే. ఏ అంతస్తులో గాలి బాగుంటే ఆ అంతస్తులో చాపేసుకునేవాళ్ళం. స్లాబు వేశాక, అది గట్టిపడేదాకా దాని మీద చిన్నచిన్న గట్లు కట్టి నీళ్ళు నింపుతారు. చూడ్డానికి అచ్చం నారుమడే. ఎండాకాలం మా చెల్లెళ్ళిద్దర్నీ మొలలోతు కూడా లేని ఆ నీళ్ళలో కూచోబెట్టేదాన్ని. తడి సిమెంటు వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు ఆ ఎండాకాలమే గుర్తొస్తుంది. ఓసారి బందరు కాలవలో చేపపిల్లల్ని చెంబుతో పట్టుకొచ్చి ఆ మళ్ళలో వదిలాను. మా ఊళ్ళో చేలో నీళ్ళుంటే చేపలుంటాయి కదా, ఇక్కడా ఉంటాయనుకున్నాను. సాయంత్రానికల్లా సిమెంటు నీళ్ళు తాగి తెల్లగా తేలాయి. మేస్త్రీ నా చెవి మెలేసి, "ఇదేమన్నా మీ తాత చెరువంటే?" అన్నాడు. అమ్మ గమేళా దింపకుండానే, "దాని తాతకి చెరువే ఉంటే ఇది నీ చేత చెవి మెలేయించుకునిద్దా?" అంది. అందరూ నవ్వారు. అమ్మ నోరు అలాంటిది.

మేడ పూర్తయింది. సున్నాలేశారు, లిఫ్టు పెట్టారు, ఇళ్ళవాళ్ళు దిగారు. అన్ని అంతస్తులూ మోసి కట్టిన మాకు మెట్ల కింద చోటు చూపించారు. నాన్నని వాచ్‌మన్‌గా ఉంచుకుంటామన్నారు. అంతకంటే అదృష్టం లేదనుకున్నాడు మా నాన్న, పిచ్చిమనిషి.

ఆ మేడకి సెక్రటరీ అని ఒకాయన ఉండేవాడు. ఇళ్ళవాళ్ళంతా కూచుని రూళ్ళు రాసుకున్నారు, ఆయన చదివి వినిపించాడు. వాచ్‌మన్ ఇంట్లో ఎండుచేపలు కాల్చకూడదు. లిఫ్టెక్కకూడదు. ఇద్దరికి మించి పిల్లలుండకూడదు. నీళ్ళు సరిపోవు, గోల, అశుభ్రం. మాకంటే ముందు ఆ పని అడగడానికొచ్చిన ఒకాయన్ని ముగ్గురున్నారని మా కళ్ళముందే తిప్పి పంపేశారు. తర్వాత నాన్న వంక చూసి, "నీకెంతమందయ్యా?" అన్నాడు సెక్రటరీ.

"ఇద్దరండీ" అన్నాడు నాన్న.

నేను పక్కనే ఉన్నాను. నడిపిది నా చెయ్యి పట్టుకుని ఉంది. చిన్నది పైన డాబా మీద, నీళ్ళ టాంకు నీడన నిద్రపోతోంది. అది అక్కడ పడుకోబట్టే నాన్న నోట ఆ మాట వచ్చింది. రెండూ నా పక్కనే ఉండి ఉంటే, మేమూ ఆ తిప్పి పంపినాయన వెనకాలే గేటు దాటేవాళ్ళం.

ఉపాయం అమ్మది. ఒకే తానులో గుడ్డ చింపించి ఇద్దరికీ ఒకేలాంటి గౌన్లు కుట్టించింది. ఇద్దరికీ ఒకే రోజు గుండు కొట్టించింది. ఇద్దర్నీ బుజ్జి అనే పిలవాలని మాకు గట్టిగా చెప్పింది. ఒకరోజు ఒకటి కింద ఉంటే రెండోది పైన, నీళ్ళ టాంకు కింద. మర్నాడు అటూ ఇటూ మార్చేవాళ్ళం. దానికి మేం పెట్టుకున్న పేరు వంతు. "ఇయ్యాల నీ వంతే" అంటే, రొయ్యపొడి కలిపిన అన్నం గిన్నె పట్టుకుని ఎవరూ లేవకముందే మెట్లెక్కి పోవాలి. ఇళ్ళవాళ్ళు బట్టలారేయడానికి పైకొచ్చినా భయం లేదు. కనిపించేది బుజ్జే. కింద కనిపించేదీ బుజ్జే.

మొదట్లో మాకు అదొక ఆట. మూడో అంతస్తు అమ్మగారు ఓసారి గేటు దగ్గర నడిపిదాన్ని చూసి, లిఫ్టులో డాబా మీదికెళ్ళేసరికి అక్కడ చిన్నది ఎదురైంది.

"ఏమే బుజ్జీ, ఇప్పుడేగా నిన్ను కింద చూశాను. నాకంటే ముందెలా వచ్చావే?"

"లిప్టులో" అంది చిన్నది. అలా చెప్పమని నేనే నేర్పాను.

ఆవిడ మండిపడుతూ లిఫ్టులో కిందికి దిగింది. దిగేసరికి గేటు దగ్గర బుజ్జి నిలబడి ఉంది. "చూశావా, మళ్ళీ లిఫ్టులోనే దిగింది! వాచ్‌మన్ పిల్లలు లిఫ్టెక్కకూడదని ఎన్నిసార్లు చెప్పాలమ్మాయ్?" అని అమ్మ మీద ఎగిరింది. అమ్మ ఆవిడ ముందే నడిపిదాని వీపున ఒకటిచ్చింది. ఆవిడ వెళ్ళిపోయాక లోపలికి లాక్కెళ్ళి, బెల్లం ముక్క నోట్లో పెట్టి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అసలు ఎవరూ లిఫ్టెక్కలేదు. నడిపిది బెల్లం చప్పరిస్తూ, "దాని వంతు దెబ్బ నాకెందుకు?" అని ఏడ్చింది.

రెండో అంతస్తులో ఒక మాస్టారుండేవారు. సాయంత్రం పూట పెసరట్టు తిని కిందికి దిగి, సెల్లార్లో కుర్చీ వేసుకుని నాన్నకి లోకం సంగతులు చెప్పేవారు. పై ఇళ్ళల్లోంచి వచ్చే నెయ్యి వాసన ఆయన చొక్కాకి అంటుకుని వచ్చేది.

"భూమి మీద జనం పుట్టలు పుట్టలుగా పెరిగిపోతున్నారయ్యా. ఇలాగే పోతే నిలబడ్డానికి చోటుండదు. అందుకే ఇలా పైకి కట్టుకోవాల్సి వస్తోంది. ఇంకా పైకి, ఇంకా పైకి. అర్థమవుతోందా?"

"అవునండీ" అనేవాడు నాన్న.

మాస్టారింట్లో ఉండేది ఆయనా, ఆయన భార్యా. గదులు నాలుగు. అందులో ఒకటి దేవుడికి. మెట్ల కింద మేం ఐదుగురం. నాన్న కాళ్ళు చాపుకోవాలంటే గుమ్మం బయటికి పెట్టాలి. జనం ఎక్కువయ్యారని ఆయనకెక్కడ ఇరుకయిందో నాకు ఈనాటికీ బోధపడదు.

అలా వానాకాలం దాటింది. ఒక పొద్దుటి పూట ఆస్పత్రి నర్సమ్మ వచ్చింది. తెల్లచీర, భుజాన సంచి. పిల్లల కళ్ళకి మంచిదని నారింజ రంగు మందు పోస్తోంది.

"ఎంతమంది పిల్లలమ్మా?"

"ఇద్దరండీ. ఇదీ, ఈ బుజ్జీ."

నడిపిది మందు తాగి మూతి నాక్కుంది. నర్సమ్మ మూత పెడుతూ, "ఐదేళ్ళలోపు వాళ్ళు ఇంకెవరన్నా ఉంటే చెప్పమ్మా. ఇది పడకపోతే చీకటి పడేసరికి పిల్లలకి చూపానదు" అంది.

అమ్మ మొహం అప్పుడు చూడాలి. మా ఊళ్ళో చీకటి పడితే గోడ తడుముకుంటూ నడిచే పిల్లలు అమ్మకి తెలుసు. నర్సమ్మ గేటు దాకా వెళ్ళింది. అమ్మ పరుగెత్తి సంచి పట్టుకుంది.

"అమ్మా, పైన ఇంకోటుంది. నీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పమాక."

"నేనెవరికి చెప్తానమ్మా? పిలువు."

చిన్నది దిగొచ్చి మందు తాగింది. బాగుందని ఇంకొంచెం పొయ్యమంది. నర్సమ్మ అమ్మని నెమ్మదిగా ఇంకేదో అడిగింది, అమ్మ తల అడ్డంగా ఊపింది. పోతూ పోతూ, అన్ని ఇళ్ళ ముందూ రాసినట్టే, మా గుమ్మం పక్కన గోడ మీద జేగురు ముక్కతో రెండు వరసలు రాసింది. ఆవిడ తప్పేం లేదు. ఇచ్చిన మాట ప్రకారం ఎవరికీ చెప్పలేదు. ఆవిడ పని ఆవిడ చేసింది.

మర్నాడు నేను సెల్లారు కడుగుతూ ఆ గోడ మీద తడిగుడ్డ వెయ్యబోయాను.

"ఒసేయ్! అది గవర్నమెంటోళ్ళ రాతే. చెరిపితే రేపొచ్చి అడుగుతారు. దానికి తగలకుండా తుడువు" అంది అమ్మ.

తగలకుండా తుడిచాను. రోజూ. నీళ్ళు చిమ్మకుండా చెయ్యి అడ్డం పెట్టి మరీ కడిగాను. ఇంకా బాగుంటుందని దాని చుట్టూ సుద్దతో తీగముగ్గు కూడా వేశాను. మా గోడ మీద అక్షరాలుండటం అదే మొదలు. నాన్న కూడా చూసి మురిశాడు.

పది పన్నెండు రోజులు. అందరి స్కూటర్లూ ఆ గోడ ముందే. ఐదంతస్తుల వాళ్ళూ రోజుకి రెండుసార్లు దాని ముందు నుంచే పోవాలి. అందరూ చదువుకున్నవాళ్ళే. ఒక్కళ్ళన్నా ఆగి మా అమ్మతో, "అమ్మాయ్, అందులో ఇలా ఉంది, తుడిచేసుకో" అన్నారా? ఒక్క మాట. తుడవడానికి అరనిమిషం పట్టేది. చదివారు, నవ్వుకున్నారు, పైకెళ్ళి ఒకరికొకరు చెప్పుకున్నారు. నా కోపం సెక్రటరీ మీద కంటే ఈ మిగతావాళ్ళ మీదే ఎక్కువ.

ఆదివారం అమ్మ ప్రార్థన నుంచి వచ్చేసరికి సెల్లార్లో కుర్చీలు వేసి ఉన్నాయి. నాన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏవయ్యా, నీ గోడ నువ్వు చదువుకున్నావా?" అన్నాడు సెక్రటరీ. కుర్చీల్లో నవ్వులు.

"నాకు చదువు రాదండీ."

"అయితే నేను చదువుతాను విను. పిల్లలు ముగ్గురు. ఆపరేషన్ కాలేదు."

నాన్న నేల చూపులు చూశాడు. అమ్మ నా వంక చూసింది. నేను నా ముగ్గు వంక చూశాను.

"తప్పు నీ ఒక్కడిదీ కాదయ్యా," మాస్టారు మెత్తగా అందుకున్నారు, "దేశంలో ప్రతివాడూ నీలాగే అనుకోబట్టే కదా ఈ గతి పట్టింది."

అప్పుడు అమ్మ ముందుకొచ్చింది. వాళ్ళెవరి ముందూ తలెత్తి మాట్లాడని మనిషి.

"బాబుగారూ, ఇన్నాళ్ళూ మీరు ఒక్క బుజ్జినే చూశామనుకున్నారు కదండీ. మరి రెండోది మీదేం తిందండీ? మీ నీళ్ళు ఎన్ని ఒలకబోసింది? అదున్నట్టు మీకు తెలవను కూడా తెలవలేదే! తెలవనిదానికి చోటేం పట్టిద్దండీ?"

సెక్రటరీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ మాట కాదమ్మాయ్. రూలంటే రూలే కదా" అంది మూడో అంతస్తు అమ్మగారు.

అంతే, అందరికీ ఊపిరొచ్చింది. అబద్ధం చెప్పినందుకు రేపే వెళ్ళగొట్టాలన్నారు ఒకరు. పాపం పోనీలే అన్నారు ఇంకొకరు. చివరికి సెక్రటరీ జాలి చూపించాడు. ఒక పిల్లని ఎక్కడన్నా పెట్టుకోండి, ఆవిడ ఆపరేషన్ చేయించుకోవాలి, అట్లయితే ఉండండి అన్నాడు. ఆ జాలికి నాన్న వంగి దణ్ణం పెట్టాడు. నాన్న చచ్చిపోయాడు గాని, ఆ దణ్ణం మాత్రం నేను క్షమించలేదు.

"ఎటన్నా పోదాం. చెట్టు కిందన్నా పడుందాం" అంది అమ్మ.

"ఈ చోటు వదిలితే ఐదుగురం రోడ్డు మీద పడతాం. చిన్నదైతే తొందరగా మర్చిపోద్ది. మీ అక్కకి పిల్లల్లేరు, కళ్ళల్లో పెట్టుకు చూసుకునిద్ది" అన్నాడు నాన్న.

పెద్దమ్మ దివిసీమ నుంచి వచ్చింది. వచ్చేటప్పుడు అరటిపళ్ళ అత్తం తెచ్చింది, ఎవరూ తినలేదు. బస్టాండుకి అందరం వెళ్ళాం. చిన్నది కిటికీ పక్కన కూచుంది. ఏడుపూ లేదు, బెంగా లేదు.

"ఇయ్యాల నా వంతు కాదు కదమ్మా?" అంది.

"నీదేనమ్మా" అంది అమ్మ.

"ఎన్ని రోజులు?"

"రెండ్రోజులే."

"తర్వాత అక్క వంతా?"

"ఆఁ."

బస్సు కదులుతుంటే నడిపిదాన్ని చూసి అరిచింది. "నువ్వొచ్చేటప్పుడు గిన్నె తెచ్చుకో! నా గిన్నె నీకియ్యను!"

తర్వాతి వారమే అమ్మకి ఆపరేషన్ అయింది. మూడో అంతస్తు అమ్మగారు రొట్టే పాలూ పంపించింది. పాలు ఒలకబోశాను, రొట్టె కాలవలో వేశాను. నాన్న కొట్టాడు. కొట్టించుకున్నాను.

ఊరి నుంచి ఎవరొచ్చినా ఒకటే కబురు. "బుజ్జి తన వంతు అయిపోయిందా అని అడగమందమ్మా" అనేవాళ్ళు. అమ్మ, వచ్చే నెల అని చెప్పి పంపేది. పంటలప్పుడు అనేది. క్రిస్మస్‌కి అనేది. ఏణ్ణర్ధం అడిగింది అది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు బాగానే ఉందని చెప్పి ఊరుకునేవాళ్ళు.

ఆ మెట్ల కింద ఏడేళ్ళు ఉన్నాం. ఊరెళ్ళి రావడానికి ఒక్కరోజన్నా సెలవియ్యలేదు. ఆ ఏడేళ్ళలో ఆ మేడ పక్కన ఇంకో నాలుగు మేడలు లేచాయి. పటమటంతా మేడలయ్యాయి. ఎండ మా సెల్లార్లోకి రావడం మానేసింది. తర్వాతెప్పుడో నా పెళ్ళయి, కూతురు పుట్టి, అది బడికెళ్ళే ఈడొచ్చాక దాని పలక మీదే నేనూ అక్షరాలు దిద్దాను. అప్పటికి చదవడానికి మా గోడ మీద ఏమీ లేదు.

నాన్నకి ఒంట్లో ఓపిక తగ్గాక, భవానీపురం అవతల కొండ మీద రేకుల గది వేసుకున్నాం. నీళ్ళకి కిందికి దిగాలి. కానీ అక్కడ మీరెంతమంది అని అడిగేవాళ్ళు లేరు. గది లేచిన మర్నాడే అమ్మ ఉతికిన చీర కట్టుకుంది.

"పద, బుజ్జిని తెచ్చుకుందాం" అంది నాతో.

దారి పొడుగునా అమ్మ మాట్లాడుతూనే ఉంది. గదిలో దాని చాప ఎక్కడ వెయ్యాలో, ఏ బళ్ళో వెయ్యాలో. కరకట్ట మీద దిగి నడుస్తుంటే నాకంటే ముందు నడిచింది.

పెద్దమ్మ ఇంటి ముందు ఒక పొడుగాటి పిల్ల చేపలు తోముతోంది. రెండు జడలు. పదేళ్ళు దాటాయి. బెజవాడ నుంచొచ్చామని నేననగానే లేచి, చేతులు కడుక్కుని, లోపలికి పరుగెత్తింది.

"అమ్మా, బెజవాడ నుంచి పిన్నోళ్ళొచ్చారు!"

అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పెద్దమ్మ బయటికొచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని, కళ్ళు తిప్పేసుకుంది. ఆవిడని ఏమంటాం? ఇన్నేళ్ళూ పెంచింది. జ్వరాలకి మేలుకుంది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు వీల్లేకుండా పోయింది.

మధ్యాహ్నం అదే వడ్డించింది. మట్టగిడస పులుసు, మామిడికాయ పప్పు.

"తిను పిన్నీ. ఏం తినట్లేదు" అంది.

అమ్మ తింది. మారు వడ్డించుకుంది. మజ్జిగ పోయించుకుంది. వెళ్ళేటప్పుడు దాని తల నిమిరి, బాగా చదువుకోమని చెప్పింది. ఎందుకొచ్చామో చెప్పలేదు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా నొక్కింది. గాజు చిట్లింది.

బస్సులో, "పులుసు అదే పెట్టిందంట. ఉప్పు సరిపోయింది" అంది.

అమ్మ పోయి చాలాకాలమైంది. చిన్నదిప్పుడు అవనిగడ్డలో ఉంటోంది. దానికి అన్నీ తెలుసు. పెద్దమ్మే పోయేముందు చెప్పింది. వారానికోసారి ఫోన్ చేస్తుంది. నన్ను నోరారా అక్కా అంటుంది. నడిపిది ఎలా ఉందని అడుగుతుంది, కూరలేం వండానో అడుగుతుంది. అమ్మ మాట వచ్చేసరికి మాత్రం ఆగుతుంది. ఏమని పిలవాలో దానికి తేలదు. పిన్ని అనలేదు, అమ్మ అనడానికి నోరు రాదు. ఒక్క క్షణం ఆగి, "ఆవిడ" అంటుంది.

ఆ ఒక్క క్షణం ఫోన్లో విన్న ప్రతిసారీ నా ఒళ్ళు భగ్గున మండుతుంది. ముసలిదాన్నయ్యాను, తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.